ప్రతివాది గారే తీర్పరి గారు

మత సంస్థల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

మసీదు వెనక సందులో కాపురం, అచ్చాఫీసులో కరపత్రాలు మడతపెట్టే పని, వీధిలో టపాకాయ అని వాడుక పేరు గల యువకుడు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా మసీదుకు ఎంపికైన కొత్త ఇమాము గారి నియామకపు కాగితంపై తమరు సంతకం ఆపుట గురించి, మా అక్క విడుదల కోరిన కేసును ఆమె భర్త కాని మనిషి ఎవరైనా సరే వినుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయపు వరండాలో అర్జీలు సరిచూసే గుమాస్తా గారు నా మొదటి అర్జీని రెండు వేళ్ళతో పట్టుకుని చదివి, ఇందులో కోపం ఎక్కువైంది, అంశాలు తక్కువయ్యాయి, అంకెలు వేసి రాసుకురమ్మని తిప్పి పంపారు. ఆ ప్రకారం అంకెలు వేశాను. అంశాలు పెంచాను. కోపాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం ఆయన చెప్పలేదు గనుక అది ఉన్నచోటే ఉంది.

1. ముందుగా నా సంగతి. మసీదు కమిటీ అధ్యక్షులు, అనగా ఐసు ఫ్యాక్టరీ యజమాని గారు, నేను కరపత్రాలు చదివి చెడిపోయానని తమకు విన్నవించి ఉంటారు. చదివిన మాట నిజం. మా బల్ల మీదికి మహిళా సంఘం వారి కరపత్రమూ వస్తుంది, మతపండితుల ప్రసంగమూ వస్తుంది, నీటి మోటార్ల ప్రకటనా వస్తుంది. చదవకుండా మడతపెట్టమంటారు మా యజమాని. కళ్ళు మూసుకుని మడతపెడితే అంచులు కలవవు. అలా అంచు కలుపుతూ కలుపుతూ చదివినవాణ్ణి. పెద్ద చదువు లేదు. అంతమాత్రాన నేను మతం వదిలినవాణ్ణి కాను. ఐదు పూటలా నమాజు చేస్తాను. తెల్లవారుజాముది అప్పుడప్పుడు తప్పుతుంది, అది నాకూ దేవుడికీ మధ్య సంగతి, అధ్యక్షుల వారికి సంబంధం లేదు. ఈ అర్జీ మతం మీద కాదు. మతాన్ని తమ గోడౌనుకు తాళం అనుకునేవారి మీద.

2. మా అక్క ఆసుపత్రి కోట్లు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టే పని చేస్తుంది. నాలుగేళ్ళ కిందట ఆమెకు నిఖా అయింది. అప్పుడు మా బావ గారు మతవిద్య చదువుకుంటున్న కుర్రవాడు, గొంతు తేనె. కొన్ని నెలలు మా ఇంట్లోనే కాపురం చేసి, పై చదువుకని వేరే ఊరు వెళ్ళారు. గది దొరకగానే వచ్చి తీసుకెళ్తానన్నారు. గది దొరికిందో లేదో మాకు ఈనాటికీ కబురు లేదు.

ఆయన వెళ్ళేసరికి అక్క కడుపుతో ఉంది. నిలవలేదు. ఆసుపత్రి మంచం మీద పడుకునే ఆ సంగతి ఆయనకు ఫోనులో రాసి పంపింది. జవాబు వచ్చింది. పూల బొమ్మ మీద అచ్చువేసిన ప్రార్థన ఒకటి, ఎవరో ఎవరికో పంపగా ఆయనకు చేరినది, ఆయన మా అక్కకు పంపారు. కింద సొంతంగా ఒక్క అక్షరం రాయలేదు. తరువాత ఆ నంబరు పనిచేయలేదు.

రెండేళ్ళు ఎదురు చూసి అక్క పాత ఇమాము గారి దగ్గరకు వెళ్ళి ఖులా అడిగింది. ఖులా అంటే భార్య తనంతట తాను విడుదల కోరడం. అది ఎవరో దానంగా ఇచ్చేది కాదు, మా ధర్మంలో ఆడమనిషికి మొదటి నుంచీ ఉన్న దారి. పాత ఇమాము గారు మంచివారు, కన్నీళ్ళు త్వరగా వచ్చే మనిషి. వెళ్ళినప్పుడల్లా కన్నీళ్ళు పెట్టుకుని, అవతలి మాట కూడా వినాలి కదమ్మా, అతని ఆచూకీ తెలియనీ అనేవారు. అక్క ఆయన్ను ఓదార్చి ఇంటికి వచ్చేది.

భార్యను గాలిలో వేలాడేసినట్టు వదిలేయవద్దని మా గ్రంథంలోనే ఉంది. వేలాడేసిన మనిషిని దించడానికి నిచ్చెన ఎక్కడుందో మాత్రం ఇన్నేళ్ళూ ఎవరూ చూపలేదు. పెళ్ళయింది అందామంటే మొగుడు లేడు. కాలేదు అందామంటే కాగితం ఉంది. కార్ఖానాలో కొత్తగా చేరిన పిల్లలు, మీ ఆయన ఏం చేస్తాడక్కా అని అడిగితే, ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకునేది. ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అదే ఈ అర్జీకి కారణం.

3. పాత ఇమాము గారు మోకాళ్ళ నొప్పులతో తప్పుకున్నారు. కొత్తవారిని ఎంచుకోవడానికి, వచ్చిన అభ్యర్థుల చేత తలా ఒక సాయంత్రం నమాజు చేయించారు. ముందు వరసల మగవాళ్ళు విని, చూసి, తరువాత చేతులెత్తి ఎన్నుకోవాలని ఏర్పాటు. ఆడవాళ్ళు హాలు చివర ప్లైవుడ్ అడ్డం వెనక ఉంటారు. వారికి ఇమాము కనబడరు. స్పీకరులో గొంతు వినబడుతుంది. చేతులెత్తే పని వారికి లేదు.

మూడో సాయంత్రం వచ్చిన గొంతుకు అడ్డం అవతల మగవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. ఇవతల మా అమ్మ ఏకధారగా ఏడ్చింది. నమాజు అయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆ పిల్లవాణ్ణి కన్నతల్లి ఎవరో గానీ ఆ గొంతు వింటే గుండె కరిగిపోయిందే అంది.

“గొంతుకేం అమ్మా, మొదటి నుంచీ బాగానే ఉండేది. నీ అల్లుడే,” అంది అక్క.

అమ్మ అప్పటిదాకా గుర్తుపట్టలేదు. మా అక్క మాత్రం తొలి పదానికే గుర్తుపట్టింది. గుర్తుపట్టి కూడా వరస వదల్లేదు, ఆఖరు వరకూ నిలబడింది. ఇంటికొచ్చాక నేను మండిపడ్డాను, ఎలా నిలబడగలిగావు ఆయన వెనక అని. “ఆయన వెనక నిలబడ్డాను గానీ ఆయనకు మొక్కలేదు కదరా. నమాజు నాది,” అని అన్నం కలుపుకుంది.

అక్క ఆ మాట అన్నాక, ఆ సాయంత్రం అడ్డం వెనక ఉన్న ఆడవాళ్ళందరికీ ఆ గొంతు ఎవరిదో, అది ఎవరిని వదిలేసి వెళ్ళిందో తెలిసిపోయింది. వారిలో ఒక్కరిని అడిగినా చెప్పేవారు. అడగాలన్న ఆలోచన కమిటీలో ఎవరికీ రాలేదు. మగవాళ్ళకు తెలియదా అంటే, అధ్యక్షుల వారు ఆ నిఖాకు సాక్షి సంతకం పెట్టిన మనిషి. భోజనం కూడా చేశారు. తెలియక కాదు, అదొక లెక్కలోని విషయం అనిపించక. ఆడవాళ్ళ అభిప్రాయం తీసుకోలేదేమని నేను కమిటీ గుమ్మంలో నిలబడి అడిగితే, వాళ్ళకూ స్పీకరు పెట్టించాం కదా, వినబడింది కదా, ఇంకేం కావాలి అన్నారు.

వినబడటమే మా ఆడవాళ్ళ హక్కు అట. తమరు నోట్ చేసుకోవలెను.

4. ఇక నియామకపు షరతు. ఇమాము కావలెనను ప్రకటన మా అచ్చాఫీసులోనే వేశారు, నేనే మడతపెట్టాను. అందులో పారాయణం, చదువు, నడవడి తరువాత “వివాహితుడై ఉండవలెను” అని ఉంది. ఆడపిల్లలున్న వీధికి పెళ్ళికాని ఇమాము వద్దని కమిటీ వారి ముందుచూపు.

మా బావ గారికి మరో భార్య లేదు. అంటే ఆయన వివాహితుడు అనడానికి ఈ భూమి మీద ఉన్న ఒకే ఒక్క ఆధారం మా అక్క. ఇన్నేళ్ళుగా తలుచుకోని మనిషిని దరఖాస్తులో తలుచుకున్నారు. “భార్య పుట్టింట ఉన్నది, త్వరలో తీసుకొనిరాగలవాడను” అని రాశారట. ఆ పుట్టిల్లు మసీదు వెనక సందులోనే ఉంది. ఇమాము క్వార్టర్స్ పెరట్లో నిలబడి కేకేస్తే మా వంటింట్లోకి వినబడుతుంది. ఆ కేక ఇంతవరకూ వినబడలేదు.

తమరు పెద్దలు, ఒక్కసారి ఆలోచించవలెను. ఆయన పొద్దున మా అక్కను విడుదల చేస్తే మధ్యాహ్నానికి ఇమాము పదవికి అనర్హులు. మా అక్క మెడలో ఉన్నది కాపురం కాదు, ఆయన ఉద్యోగపు తాడు. ఏ మనిషైనా తన అర్హతా పత్రాన్ని తన చేత్తో చింపుకుంటాడా?

ఎంపిక అయిన మరునాడు అధ్యక్షుల వారు పళ్ళ సంచీతో మా ఇంటికి దయచేశారు. కుర్చీలో కూర్చుని, అదృష్టమంటే నీదే తల్లీ, పోయినవాడు పోయినచోటే ఉండిపోకుండా ఇమాము అయి తిరిగొచ్చాడు, క్వార్టర్స్‌కు సున్నం వేయిస్తున్నాం, సామాను సర్దుకో అన్నారు. ఆయన గొంతులో ఏ కల్మషమూ లేదు. అదే నన్ను మరీ మండించింది. నిజంగానే మేలు చేస్తున్నాననుకుంటున్నారు.

అక్క పళ్ళ సంచీని ఆయన చెప్పుల పక్కన పెట్టింది. “ఎవరి భార్యగా రావాలి బాబాయ్? ఆయనకా, మీ కమిటీకా?”

ఆయన అమ్మ వైపు తిరిగి, కూతురికి నోరు పెరిగింది, సంపాదన అలవాటైతే ఇంతే అని వెళ్ళిపోయారు. ఇక్కడ ఒక నిజం దాచను. ఆ రోజు మా అమ్మ మనసు ఊగింది. తప్పు చేసినవాడు తిరిగొచ్చాడు, మగవాడన్నాక, సర్దుకుపోతే అందరి నోళ్ళూ మూతపడతాయి కదే అని పొయ్యి దగ్గర గొణిగింది. అమ్మను తప్పుపట్టను, ఇన్నేళ్ళూ ఆ నోళ్ళకు జవాబు చెప్పింది ఆమె. అక్క మాత్రం, “తిరిగొచ్చింది ఉద్యోగానికమ్మా, నాకు కాదు,” అంది. ఆ తరువాత అమ్మ ఆ మాట ఎత్తలేదు.

5. ఇప్పుడు అసలు అన్యాయం. (గుమాస్తా గారు అసలు విషయం ముందు రాయాలన్నారు. ముందే రాసి ఉంటే తమరు నమ్మి ఉండేవారు కారు. అందుకని ఇక్కడ పెట్టాను.)

కమిటీ నుంచి అక్కకు కాగితం వచ్చింది: “తమ ఖులా ఫిర్యాదును కొత్త ఇమాము గారి విచారణకు, నిర్ణయానికి బదలాయించడమైనది.” నియామకానికి తమ సంతకం ఇంకా పడలేదు గానీ తాత్కాలికంగా పనులన్నీ ఆయనే చూస్తున్నారు.

నేను ఆ కాగితం పట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి పరుగెత్తాను. అధ్యక్షుల వారు ఊకలో ఐసు దిమ్మలు పేర్పిస్తున్నారు. భార్య కేసు భర్తే విచారించడమేమిటండీ అని అడిగాను. భార్యాభర్తల తగాదాలు ఇమాము గారే వినాలి, కమిటీలో ఎవరూ వేలు పెట్టకూడదు అన్నది మన నిబంధన, పెద్దలు ఆలోచించి పెట్టినది అన్నారు. ఇమాము గారే ఆ భర్త కదా అన్నాను.

“అయితే మరీ మంచిదిరా. ఆ కేసు గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?”

అయ్యా, వేళాకోళమేమోనని ఆయన ముఖం తేరిపార చూశాను. లేదు. పనివాడి మీద కేకేసి మరో దిమ్మ ఎత్తించారు.

విచారణ ఇమాము గారి గదిలో జరిగింది, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ కుళాయిల పక్క గది. మధ్యలో పరదా కట్టారు. అటు ఇమాము గారు, అధ్యక్షుల వారు, ఇద్దరు సభ్యులు. ఇటు అక్క, అమ్మ, నేను. ఆడమనిషి మాట మగదిక్కు చెప్పడం ఆనవాయితీ గనుక నేను మాట్లాడాలన్నారు. నేను గొంతు సవరించుకుంటుంటే అక్క నా మోచెయ్యి గిల్లి కూర్చోబెట్టింది.

ఇమాము గారు ముందుగా ఫిర్యాదును పైకి చదివారు. పాత ఇమాము గారికి అక్క రాసి ఇచ్చిన కాగితం అది. అందులో వెళ్ళినవాడి సంగతి ఉంది, పోయిన బిడ్డ సంగతి ఉంది, పూల బొమ్మ సంగతి ఉంది. అదే గొంతుతో చదివారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించి, ముగించారు. ఒక్కచోట తడబడి ఉంటే నేను ఈ అర్జీ రాసి ఉండేవాణ్ణి కాదేమో. తడబడలేదు. మా అమ్మ పరదా అంచు పట్టుకుని చూస్తూ కూర్చుంది.

చదివాక, ఇందులో భర్త వాంగ్మూలం జతపరచలేదు, అవతలి మాట వినకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు, అందువల్ల వాయిదా వేస్తున్నాం అన్నారు.

అక్క అడిగింది. “భర్త ఎక్కడున్నాడండీ?”

“ఇక్కడ కూర్చున్నది భర్త కాదమ్మా. ఇమాము,” అన్నారు ఆయన.

“సరే ఇమాము గారూ. నా భర్త ఈ ఊళ్ళోకి వచ్చాడని విన్నాను. ఒక్కసారి పిలిపించండి. నా మాట ఎలాగూ వినలేదు. తమరి మాటైతే వింటాడేమో.”

సభ్యులలో ఒకరికి నవ్వు వచ్చి దగ్గుగా మారింది. అధ్యక్షుల వారు బల్ల చరిచి, ఇది హాస్యమాడే చోటు కాదు అన్నారు. హాస్యం ఎవరు మొదలుపెట్టారో మాత్రం అడగలేదు. భర్తకు నోటీసు పంపబడును అని ఇమాము గారు రాసుకుని లేచారు. ఆ నోటీసు ఆయన పంపారో, ఆయన అందుకున్నారో, ఇంట్లో లేనని తిప్పి కొట్టారో మాకు తెలియదు. మూడు పనులకూ ఆయన చెయ్యే కావాలి.

ఆ శుక్రవారం ప్రసంగం “స్త్రీలు, సహనం” మీద చేశారు. చక్కగా చేశారు.

6. టీచరమ్మ గురించి. మా వీధిలో ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ ఖుర్ఆన్ నేర్పే ఆవిడను అందరమూ టీచరమ్మ అంటాము. ఆవిడ గురువుల దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని ధర్మశాస్త్రం చదివిన మనిషి, అనుమతి పత్రం పుచ్చుకున్న మనిషి. పాత ఇమాము గారి రోజుల నుంచీ స్నానం, నెలసరి, బాలింత ఉపవాసం, ఇటువంటి ప్రశ్న ఏది వచ్చినా ఇమాములే ఆవిడ ఇంటికి పంపుతారు. అధ్యక్షుల వారి భార్యా కూతుళ్ళూ అక్కడికే వెళ్తారు. ఒంటి గురించి ఆవిడ చెప్పింది ధర్మం అవుతుంది. బతుకు గురించి చెబితే మాత్రం ఆడదానికి పెత్తనం ఏమిటని అడుగుతారు.

విచారణ మరునాడు వీధి ఆడవాళ్ళు చాలామంది కమిటీకి కాగితం పెట్టుకున్నారు, ఆడవాళ్ళ కేసులు వినేటప్పుడు టీచరమ్మను కూడా కూర్చోబెట్టండి అని. మతంలో స్త్రీకి నాయకత్వం లేదు అని ఒక్క వాక్యంలో తిప్పికొట్టారు. ఆ వాక్యం రాసినవారికి ఐసు తెలుసు. ఇంకేం తెలుసో నాకు తెలియదు. నేను కరపత్రాలలో చదివి, నమ్మకం చాలక పెద్దలనడిగి రూఢి చేసుకున్నవి ఇవి. ప్రవక్త గారి భార్య ఆయిషా గారి దగ్గర మగ పండితులు వచ్చి కూర్చుని నేర్చుకున్నారు, ఆవిడ తప్పులు దిద్దితే దిద్దుకున్నారు. భర్త అటూ ఇటూ కాకుండా చేశాడని ఒక ఆడమనిషి ప్రవక్త గారి ముందే వాదిస్తే, ఆ మొర ఆకాశం విన్నది; వాదించే స్త్రీ అన్నదే గ్రంథంలో ఒక అధ్యాయానికి పేరు. నాకీ కాపురం వద్దు అని ఇంకొక ఆవిడ వస్తే, ప్రవక్త గారు ఆమెను సహనం మీద ప్రసంగంతో తిప్పి పంపలేదు. పెళ్ళికానుకగా అతనిచ్చిన తోట తిరిగి ఇచ్చేస్తావా అని అడిగి, ఇస్తానంటే, విడిపించారు. అప్పుడు తెరిచి ఉన్న తలుపు ఇప్పుడెవరు మూశారు? దేవుడు మూశాడా, కమిటీ మూసిందా? తలుపు మీద వేలిముద్రలు చూడవలెను.

ఇక్కడ ఇంకొక సంగతి. నేను ఆవేశం పట్టలేక శుక్రవారం జనం ఉండగా ఆ ప్లైవుడ్ అడ్డం పగలగొట్టాలని నిశ్చయించి, సుత్తి సంచీలో పెట్టుకుని దీవెనల కోసం టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ పిల్లల చేత పాఠం వల్లెవేయిస్తూ నన్ను గుమ్మంలోనే ఆపారు.

“సుత్తి ఇంట్లో పెట్టి రా నాయనా. అడ్డం పగిలితే ఏడాదంతా చెక్క గురించి మాట్లాడతారు. మీ అక్క గురించి మాట్లాడరు.”

ఆడవాళ్ళు నమాజుకు నాయకత్వం వహించవచ్చా అన్న మాట కూడా ఆవిడ దగ్గర ఎత్తాను. దాని మీద పండితులలో భేదాలున్నాయి, అది ఇంకో రోజు పోట్లాట, దాన్ని తెచ్చి దీనిలో కలిపితే రెండూ చెడతాయి, చదువుకున్న ఆడది చదువు చెప్పడానికీ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికీ ఏ కాలంలోనూ అడ్డు లేదు, ఆ గీత మీద నిలబడు అన్నారు. నిలబడ్డాను. సుత్తి మా యజమానిది, తిరిగి ఇచ్చేశాను.

7. ఆఖరుగా తమ కార్యాలయం గురించి, క్షమించమని కోరకుండా, విన్నవించుకొనునది. ఇది మత విషయము, ఇందులో జోక్యం చేసుకోము అని గుమాస్తా గారు చెప్పారు. కమిటీ వారేమో, ఆ నియామకం పై అధికారి సంతకంతో అయ్యేది, పోయి వారినడుగు అంటున్నారు. అటు వెళ్తే ఇటు, ఇటు వస్తే అటు. నా చెప్పులు అరిగాయి, అంతకన్నా జరిగింది లేదు.

మసీదులో వజూ కుళాయి కారితే, దాన్ని మార్చడానికి తమ అనుమతి కావాలి. క్వార్టర్స్‌కు ఏ సున్నం వేయాలో తమ కార్యాలయమే రాసి పంపింది. ఇమాము ఎవరు కావాలో తమరే సంతకం చేస్తారు. అంటే కుళాయి మతం కాదు. సున్నం మతం కాదు. మా అక్క ఒక్కతే మతం. ఆమె దగ్గరకు వచ్చేసరికి తమరందరికీ భక్తి పుట్టుకొస్తుంది.

కావున తమరిని కోరుకొనునది: మా అక్క కేసు తేలేవరకు ఆ నియామకంపై సంతకం చేయరాదు. ఆ కేసును వాదికీ ప్రతివాదికీ చుట్టం కానివారు, టీచరమ్మ పక్కన కూర్చోగా, వినాలి. ఇక మీదట ఇమామును ఎంచుకునేటప్పుడు అడ్డం వెనకవాళ్ళను కూడా అడగాలి. చేతులు వాళ్ళకూ ఉన్నాయి.

ఇక్కడ, చిత్తగించవలెను అని రాయాలని గుమాస్తా గారు చెప్పారు. రాస్తున్నాను: చిత్తగించవలెను. చిత్తం లేకపోతే చదవనైనా చదవవలెను.

తమ విధేయుడు (ఈ కాగితం వరకు),
టపాకాయ అనబడు, అచ్చాఫీసు పనివాడు

తా.క.: ఈ అర్జీని సాఫు రాశాక అక్కకు చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అంతా విని, “బాగా రాశావు. కింద నా సంతకం ఏది?” అంది. ఆడవాళ్ళ సంతకాలు మగదిక్కు పెట్టడం ఆనవాయితీ అని తమ కార్యాలయంలో చెప్పారన్నాను. “వాళ్ళ ఆనవాయితీ వాళ్ళ దగ్గర ఉంది, నీ దగ్గరికెప్పుడొచ్చిందిరా?” అని కలం లాక్కుంది. కింద రాసినది ఆమె. అందులో కొంత నాకు నచ్చలేదు, చాలాసేపు పోట్లాడాను. అయినా కొట్టేయలేదు. కేసు ఆమెది.

అయ్యా, నమస్కారం. నేను ఈ కేసు మనిషిని. తమ్ముడు రాసినదంతా నిజమే, అరుపు మాత్రం వాడిది.

వాడు అడిగినవి హక్కులు. అవి రావాలి, వాటి కోసం వాడు ఇంకా రాస్తాడు, వాడి వయసు అది. నా వయసు ఆగడం లేదు. అందుకని ఒక చిన్న పని అడుగుతున్నాను. ఇమాము వివాహితుడై ఉండాలన్న షరతును తమరు తీసేయండి. అది మతం కాదు, ఉద్యోగపు నిబంధన. మా టీచరమ్మను అడిగాను, మతంలో అటువంటిది లేదన్నారు. కాబట్టి తమరు నిర్భయంగా జోక్యం చేసుకోవచ్చు. ఆ ఒక్క ముక్క పోతే ఆయనకు నాతో పని ఉండదు. నోటీసులు అవసరం లేకుండా భర్త గారు సాయంత్రానికల్లా దొరుకుతారు.

ఆయన ఇమాముగా ఉంటే బాగుండదని తమ్ముడంటాడు. అది వీధి ఆలోచించుకోవాలి, ఈసారి ఆడవాళ్ళతో కలిసి. నేను ఆయన్ను పదవి నుంచి దించమని రాలేదు. నన్ను దించమని వచ్చాను.

సోమవారం సెలవు పెట్టాను. పొద్దున్నే వచ్చి తమ వరండాలో కూర్చుంటాను. కాజాలు కుట్టాల్సిన కోట్లు కొన్ని తెచ్చుకుంటాను, నా సమయం వృథా అవుతుందని తమరు కంగారు పడవద్దు. మంగళవారమూ వస్తాను. అక్కడ ఆడవాళ్ళు వస్తే ఎవరి తాలూకు అని అడుగుతారట. ఎవరి తాలూకూ కాదని చెబుతాను. దానికి తమరి రిజిస్టరులో గడి లేకపోతే, గీయించి ఉంచండి.

కాజాలు కుట్టే మనిషి
(సంతకం నాదే)